పిల్లల ఎత్తు: "మా వంశమే అంత" అని వదిలేయకండి

అపోహ: "మేమిద్దరం పొట్టే, వాడెక్కడ పెరుగుతాడు సార్?"

కర్నూలులో నా ఓపీ గదిలో ఈ మాట వినని వారం లేదు. పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే. జన్యువుల వాటా పెద్దదే, కాదనను. తిండికి లోటు లేని చోట మనుషుల మధ్య ఎత్తు తేడాల్లో సుమారు 80 శాతం వాటివల్లే. అయితే పొట్టివాళ్ల పిల్లలైనా నాలుగేళ్లు నిండినప్పటి నుంచి ఈడు వచ్చేదాకా ఏటా 5 సెంటీమీటర్ల దరిదాపుల్లో పెరుగుతూనే ఉండాలి. ఎదుగుదల నిలిచిపోతే దాన్ని వంశం ఖాతాలో వేయకూడదు.

ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక తల్లి పన్నెండేళ్ల కూతురిని జ్వరానికని తీసుకొచ్చింది. ఎత్తు సంగతి నేనే ఎత్తాను. "మా అత్తగారి వైపు అందరూ ఇంతే సార్" అంది. మడిచి కట్టిన జడలు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిచాం. బడిలో ఇచ్చిన హెల్త్ కార్డులో రెండేళ్ల కిందటి కొలత ఉంది. తేడా మూడు సెంటీమీటర్లే! రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ విపరీతంగా ఉంది, అంటే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదు. పరగడుపున రోజూ ఒక థైరాయిడ్ మాత్ర, అంతే. మరుసటి ఏడు యూనిఫాం అప్పుడే పొట్టిదైపోయిందని ఆ తల్లే నవ్వుతూ ఫిర్యాదు చేసింది.

ఇలాంటివి ఆలస్యంగా బయటపడితే పోయిన ఎత్తంతా తిరిగి రాదు. గ్రోత్ హార్మోన్ లోపం, ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ (ఎక్స్ క్రోమోజోమ్ లోపంతో పుట్టుకతో వచ్చేది), కిడ్నీ జబ్బులు కూడా ఈ "వంశం" చాటునే దాక్కుంటాయి.

ఇంకో మాట. మీ ఎత్తు కూడా అచ్చంగా జన్యువుల లెక్క కాకపోవచ్చు. కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు వలస వెళ్లే కుటుంబాల్లో పసితనంలో సరిగా తిండి అందక ఎదగని తండ్రులున్నారు. వాళ్లు అందుకోలేని ఎత్తును కొడుకులు అందుకోవచ్చు.

అపోహ: కొడుక్కి తండ్రి ఎత్తు, కూతురికి తల్లి ఎత్తు వస్తుంది.

రాదు. ఇద్దరి నుంచీ సగం సగం వస్తుంది. 2022లో సుమారు 54 లక్షల మంది డీఎన్ఏను పరిశీలించి, ఎత్తుతో ముడిపడిన 12,000 పైచిలుకు జన్యు తేడాలను గుర్తించారు. వాటిలో ఎవరికి ఏవి పడతాయో చెప్పలేం. మా అన్న, నేను ఒకే ఇంట్లో ఒకే తిండి తిని పెరిగాం. ఆయన నాకన్నా జానెడు పొడవు.

అంచనా కావాలంటే మిడ్ పేరెంటల్ హైట్ ఉంది, తల్లిదండ్రుల ఎత్తుల నుంచి కట్టే లెక్క. తండ్రి 164 సెంటీమీటర్లు, తల్లి 150 అయితే రెండూ కలిపి, అబ్బాయికి 13 కూడి, అమ్మాయికి 13 తీసేసి, సగం చేయండి. అబ్బాయికి 163.5 వస్తుంది. అయినా అటూ ఇటూ 8, 10 సెంటీమీటర్ల తేడా మామూలే.

అపోహ: డబ్బా పొడులు, బార్‌కు వేలాడడం, ఇంజక్షన్లు ఎవరికైనా ఎత్తు పెంచుతాయి.

మొదటి రెండూ దండగ. గ్రోత్ హార్మోన్ ఇంజక్షన్లు ఆ హార్మోన్ లోపం తేలిన పిల్లలకు, ఇంకా కొన్ని జబ్బులకు మాత్రమే. కానిస్టేబుల్ ఎంపికకు 167.6 కావాలని, రెండు సెంటీమీటర్లు తక్కువయ్యాయని ఇరవై దాటిన కుర్రాళ్లు వస్తారు. గ్రోత్ ప్లేట్లు (ఎముకల చివర పొడవు పెరిగే భాగాలు) మూసుకున్నాక నేనిచ్చే మందేమీ లేదని చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడలేను. వేలు పోసి పొడులు కొనిపించిన వాళ్ల మీద మాత్రం ఒళ్లు మండుతుంది.

ఎనిమిదేళ్లలోపే ఈడు లక్షణాలు కనిపించిన అమ్మాయి తోటివాళ్లకన్నా పొడుగ్గా ఉందని మురిసిపోకండి. ఎదుగుదల త్వరగా ఆగిపోతుంది, వెంటనే చూపించండి.

వచ్చేటప్పుడు పాత కొలతలు తేండి, తల్లిదండ్రులు ఇద్దరూ రండి. మీ ఎత్తు కూడా నేనే కొలుస్తాను, నోటితో చెప్పేటప్పుడు తండ్రులు రెండంగుళాలు కలిపి చెబుతారు.