నల్ల తెర ప్రోగ్రాములు, ఎమ్యులేటర్: అపోహలు - వాస్తవాలు

ఆదోనిలో నేను పనికి వెళ్లే జిన్నింగ్ మిల్లుల్లో, కమీషన్ దుకాణాల్లో విండోస్‌కు ముందు నాటి డాస్ మీద నడిచే, ఫాక్స్‌ప్రోలోనో క్లిప్పర్‌లోనో రాసిన లెక్కల ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. జీఎస్టీ బిల్లులకు వేరే సాఫ్ట్‌వేర్ వచ్చింది గానీ కాటా చీటీలు, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు), రైతుల పాత ఖాతాలు ఆ నల్ల తెర మీదే. రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు, సోర్స్ కోడ్ లేదు. అలాంటి ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌లా నటించే సాఫ్ట్‌వేర్) పెట్టి అందులోకి మారుస్తుంటాను. ఎక్కడికెళ్లినా వినిపించే మాటలు ఇవి.

అపోహ: నడుస్తా ఉంది కదన్నా, దాన్నెందుకు కదిలించేది?

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు, మిల్లంతా దూది ఎగురుతుంటుంది, అది ఫ్యాన్లకు చుట్టుకుని లోపల వేడి నిలబడుతుంది, ఆ వేడికి పవర్ సప్లైలోని కెపాసిటర్లు కొద్దికొద్దిగా ఆరిపోతూ వస్తాయి. పైకి ఏమీ కనపడదు. ఏళ్లుగా ఆగకుండా తిరిగిన హార్డ్ డిస్క్ ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ తిరగకపోవచ్చు. ఒక మిల్లులో సీజన్ అయ్యాక చూద్దాంలే అన్నారు. సీజన్ మధ్యలోనే డిస్క్ పోయింది, పదహారేళ్ల ఆవర్జా (ఖాతాల లెక్క) దాంతోపాటే పోయింది. ఆ గుమాస్తా ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఎమ్యులేటర్ సంగతి తర్వాత, మెషీన్ బతికుండగానే డిస్క్ ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి అచ్చు నకలు, తీయించుకోండి. నేను డిస్క్ విప్పి, అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో తీస్తాను. అది బాగున్న భాగాలను ముందు చదివేసి, చెడిన సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది.

అపోహ: ఫోల్డర్ కాపీ చేసి, విండోస్ 11లో కంపాటిబిలిటీ మోడ్ (పాత ప్రోగ్రాముల కోసం ఉండే సెట్టింగ్) పెడితే చాలు.

వాస్తవం: చాలదు. 64 బిట్ విండోస్ ఏదైనా సరే 16 బిట్ డాస్ ప్రోగ్రాములను నడపదు, విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. అందుకే పాత ప్రాసెసర్‌ను, మెమరీని, తెరను సాఫ్ట్‌వేర్‌లోనే తయారుచేసే ఎమ్యులేటర్ కావాలి. అందులోనూ డాస్‌బాక్స్ అనే మామూలు ఎమ్యులేటర్ ఆటల కోసం పుట్టింది. లెక్కల పనికి నేను డాస్‌బాక్స్-ఎక్స్ గానీ వీడాస్ గానీ వాడతాను, ఎందుకంటే ఇద్దరు గుమాస్తాలు ఒకే డీబీఎఫ్ ఫైల్లో (లెక్కలు దాచే ఫైలు) రాస్తున్నప్పుడు ఫైల్ లాకింగ్, అంటే ఒకరు రాసేటప్పుడు ఇంకొకరిని ఆపడం, సరిగ్గా లేకపోతే ఎంట్రీలను వెతికిపెట్టే ఇండెక్స్ చెడిపోతుంది. ఇంకోటి, డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే అడగకుండా మొత్తం మూసేస్తుంది. ఎంట్రీ మధ్యలో చెయ్యి తగిలితే ఆ ఎంట్రీ గోవిందా. ఆ కీని మొదటి రోజే మార్చేయండి.

అపోహ: ఎమ్యులేటర్‌లో స్లో అవుతుంది.

వాస్తవం: ఈ ప్రోగ్రాములకు అసలు సమస్య వేగం ఎక్కువవడమే. టర్బో పాస్కల్‌లో రాసిన కొన్ని తెరవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 అని ఆగిపోతాయి. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే చిన్న లెక్కలో, కొత్త ప్రాసెసర్ మీద వచ్చే అంకె దాని గడిలో పట్టదు. ఎమ్యులేటర్‌లో సైకిల్స్, అంటే ప్రాసెసర్ వేగం సెట్టింగ్, తగ్గిస్తే సరిపోతుంది.

అపోహ: ప్రోగ్రామ్ తెరుచుకుంది, పనైపోయింది.

వాస్తవం: అప్పుడే సగం పని మొదలవుతుంది. కాటా నుంచి బరువు సీరియల్ వైరులో వస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి ఆ పోర్టును ఎమ్యులేటర్‌కు అప్పగించాలి, బాడ్ రేట్ (వైరులో డేటా వచ్చే వేగం) తప్పితే తెర మీద పిచ్చి గుర్తులే. కన్వర్టర్‌ను వేరే రంధ్రంలో పెడితే కామ్ నంబర్ (ఆ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబరు) మారిపోవచ్చు కాబట్టి ఆ రంధ్రం పక్కన టేపు మీద రాసి అంటిస్తాను. పారలల్ పోర్టు (పాత ప్రింటర్ పోర్టు) డాంగిల్, అంటే అది తగిలిస్తేనే ప్రోగ్రామ్ నడిచే తాళం లాంటి బిళ్ల, ఉన్న ప్రోగ్రామ్ అయితే ప్రింటర్‌కు వాడే యూఎస్‌బీ కేబుల్‌తో కుదరదు, నిజమైన పారలల్ పోర్టు ఉన్న కంప్యూటరే వెతకాలి.

ఒక కమీషన్ దుకాణంలో రైతుల పేర్లు తెలుగులో ఎక్కించారు, ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు (తెర మీద భారతీయ లిపులు చూపించే కార్డు) పెట్టి. ఎమ్యులేటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి. డేటా పోయిందని సేటు కూలబడిపోయాడు. పోలేదు. డిస్క్‌లో ఉన్నవి ఇస్కీ (భారతీయ లిపుల అక్షరాలకు అంకెలిచ్చే పాత పద్ధతి) సంకేతాలు, వాటిని అక్షరాలుగా గీసిన కార్డు మాత్రమే లేదు. ఇస్కీలో తెలుగు క, హిందీ క ఒకే అంకె కాబట్టి మార్చేటప్పుడు లిపి తెలుగు అని మనమే చెప్పాలి. డీబీఎఫ్ కాపీ తీసుకుని, ఇప్పటి కంప్యూటర్లన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చాం. తెర మీద మొదటి పేరు చదవగానే ఆయన ఆ రైతు ఊరు కూడా చెప్పేశాడు.

అపోహ: ఇక పాతది తుక్కు కింద అమ్మేయొచ్చు.

వాస్తవం: ఆగండి. ఒక నెల రెండిట్లోనూ అవే కాటా చీటీలు ఎక్కించండి. రోజూ సాయంత్రం తక్‌పట్టీల మొత్తం పైసాతో సహా కలవాలి. కలవని రోజు ఎందుకు కలవలేదో తేలేదాకా ఆ పాత డబ్బా మీ బల్ల మీదే ఉండాలి.