137 చావులు, ఒక సొరకాయ బుర్ర

చిరంజీవులు చిట్టికీ, అన్నయ్యకూ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు సంక్రాంతికి వచ్చి వెళ్ళి పది రోజులయింది. మీ నాయనమ్మ రోజూ అరిసెల డబ్బా మూత తీసి చూస్తుంది, సగం అలాగే ఉన్నాయని నన్ను కోప్పడుతుంది. వెళ్ళే రోజు బస్సు మెట్టు మీద నిలబడి చిట్టి నన్నొక ప్రశ్న అడిగింది, గుర్తుందా? "తాతయ్యా, డబ్బులిచ్చి కొన్న ఆటే కదా! అన్నయ్యను 137 సార్లు చంపింది. కొన్నవాడిని గెలవనివ్వకపోతే అది మోసం కాదా?" కండక్టర్ విజిల్ ఊదాడు, బస్సు కదిలింది, నేను బతికిపోయాను. అప్పటికప్పుడు చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ నాలుగు రోజులూ అన్నయ్య వెనక కుర్చీ వేసుకుని నేనూ చూశాను. ఆట పేరు ఎల్డెన్ రింగ్ అన్నాడు. జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2022లో తెచ్చిన వీడియో గేమ్. అందులో మలేనియా అని ఒక ఎర్రజుట్టు యోధురాలు. ఆమె కత్తి తగిలిన ప్రతిసారీ మన ప్రాణం తగ్గుతుంది, ఆమె ప్రాణం కాస్త పెరుగుతుంది, వడ్డీ వ్యాపారి ఖాతాలాగా. అన్నయ్య చెమటోడ్చి కొట్టిందంతా ఆమె నాలుగు వేట్లతో పూడ్చుకుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి గాలిలోకి లేచి, ఒక్క క్షణం అలా ఆగుతుంది. ఆ తర్వాత కత్తి కనిపించదు, మెరుపులే. రెండో రోజు నేను ఉండబట్టలేక "అదిగో, పైకి లేచి ఆగిందిరా, పారిపో" అని అరిచాను. అన్నయ్య తెర మీంచి కళ్ళు తీయకుండానే "తెలుసు తాతయ్యా, తెలిసినా చేతులు వినడం లేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు మన మోటబావి గుర్తొచ్చింది. ఇక ఈ ఉత్తరమంతా ఆ బావి చుట్టూనే తిరుగుతుంది, ఓపిక పట్టండి.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఊళ్ళో ఇంకా బోర్లు పడలేదు. పడమటి చేలో మోటబావి, దిగడానికి ఒక పక్క రాతిమెట్లు. ఎండాకాలంలో మా పిల్లలకు అదే బడి, మా మేనమామే పంతులు. ముదిరి ఎండిన సొరకాయ బుర్రను నారతాడుతో వీపుకు కట్టి నీళ్ళలోకి తోసేవాడు. బుర్ర తేలుతుంది, దాని పుణ్యమా అని మనమూ తేలతాం. కాళ్ళు ఆడించడం వచ్చేకొద్దీ తాడు వదులు చేసేవాడు. ఏదో ఒక రోజు బుర్ర తీసేసేవాడు. ఆ రోజు ఏదో ముందుగా చెప్పేవాడు కాదు.

చేతులు ఎలా తొయ్యాలో, కాళ్ళు ఎలా కొట్టాలో గట్టు మీద బోర్లా పడుకోబెట్టి ముందే నేర్పాడు. పాఠమంతా నాకు కంఠతా వచ్చు. నీళ్ళలో పడగానే వచ్చిందంతా ముక్కులోంచి బయటికి పోయింది. ఎన్నిసార్లు మునిగానో ఎవరూ లెక్కపెట్టలేదు. చిట్టిలాంటి చెల్లెలు నాకు లేదు మరి. కానీ నీళ్ళకు ఒక న్యాయం ఉందని మెల్లగా తెలిసింది. నిన్న దేనికి ముంచాయో ఇవాళా దానికే ముంచుతాయి. కాలు సరిగా ఆడితే, బాగా చదివేవాడినైనా బడి ఎగ్గొట్టేవాడినైనా ఒకేలా తేలుస్తాయి.

మలేనియా కూడా బావినీళ్ళే అని నాకు అనిపించింది. చెప్పాపెట్టకుండా ఏదీ చెయ్యదు. ప్రతి వేటుకూ ముందు ఒక గుర్తు ఇస్తుంది: భుజం తిప్పడం, కాలు ముడవడం, గాలిలో ఆగడం. ఆ గుర్తులు పెట్టింది ఆట తయారుచేసినవాళ్ళే, మనం చూసి నేర్చుకోవాలని. 137వ చావు మొదటి చావులాంటిది కాదు. మొదటిరోజు నువ్వు అరనిమిషం నిలవలేదు అన్నయ్యా, నాలుగో రోజుకు ఆమెను సగం దాకా తెచ్చావు. గుర్తు లేకుండా చంపే ఆట వేరు. అది మూత వెయ్యని పాడుబావి, దాన్ని నేను సమర్థించను.

చిట్టి అడిగిన మోసం అసలు లేదని కూడా అనను. మొదట్లో ఇలాంటి ఆటలు అంగళ్ళలో, నాణెం వేస్తే పనిచేసే పెట్టెల్లో ఉండేవి. ఒకే నాణెంతో పిల్లవాడు పొద్దుగూకేదాకా ఆడితే అంగడివాడికి గిట్టదు. అందుకని త్వరగా ఓడిపోయేలా, ఓడిపోయినా ఇంకొక్కసారి ఆడాలనిపించేలా బిగించేవారు. కష్టం అక్కడ వ్యాపారం.

ఆ పెట్టెల్లోనే ఒక వింత జరిగింది, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1978లో జపాన్‌లో తోమొహిరో నిషికాడో అనే ఆయన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట చేశాడు. పై నుంచి 55 మంది శత్రువులు వరుసలు కట్టి దిగుతారు, కింద నుంచి మనం కాలుస్తాం. అంతమందిని గీయడం అప్పటి యంత్రానికి మోయలేని బరువు, నత్తనడక నడిచేది. మనం ఒక్కొక్కరినీ రాల్చేకొద్దీ దాని బరువు తగ్గి, మిగిలినవాళ్ళు వేగం పుంజుకునేవారు, బస్తాలు దింపేకొద్దీ ఎడ్లు అడుగు సాగించినట్టు. ఆఖరివాడు ఒక్కడే మిగిలితే పరుగే పరుగు. నిషికాడో దాన్ని సరిచెయ్యలేదు, బాగుందని ఉంచేశాడు. గెలుస్తున్నకొద్దీ ఆట గట్టిపడాలన్న ఆలోచన ఒక యంత్రం ఆయాసంలోంచి ఊడిపడిందన్నమాట! నలభై ఏళ్ళు పంపుసెట్ల మోటార్లు బాగుచేసినవాడిని, యంత్రం ఆయాసపడితే నేనెప్పుడూ తిట్టుకోవడమే తప్ప ఇలా చూడలేదు.

మీ నాన్న సంగతి ఒకటి. తొంభైలలో టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనిపెట్టమని పేచీ పెట్టి సాధించాడు. కాంట్రా అని తుపాకుల ఆట, మూడు ప్రాణాలు ఇస్తుంది, మూడూ నిమిషంలో పోతాయి. ఒక రోజు వీడు టీవీ ముందు కూర్చుని "పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ" అని గొణుగుతున్నాడు. ఎక్కాలు వల్లిస్తున్నాడని మురిసిపోయాను. తీరా చూస్తే అది మంత్రం! ఆ వరుసలో మీటలు నొక్కితే 30 ప్రాణాలు ఇస్తుంది. దాన్ని పుట్టించింది కజుహిసా హషిమోతో. 1986లో కొనామి సంస్థలో గ్రేడియస్ అనే ఆటను ఇళ్ళలో ఆడే యంత్రానికి మార్చే పనిలో ఉన్నాడు. ఆట సరిగా వచ్చిందో లేదో చివరిదాకా ఆడి చూడాలి. ఆయనకే కుదరలేదు, అంత కష్టంగా ఉంది. తన కోసం ఈ దొంగదారి పెట్టుకున్నాడు, అది ఆటలోనే ఉండిపోయి, అదే సంస్థ చేసిన కాంట్రాలోకీ వచ్చి లోకానికంతా తెలిసింది. చూశారా, బావి తవ్వినవాడే వీపుకు బుర్ర కట్టుకున్నాడు.

ఇప్పుడు గట్టు మీది జనం దగ్గరికి వస్తాను.

రెండో రాత్రి అన్నయ్య ఆట ఆడేవాళ్ళ గుంపులో ఏదో సలహా అడిగాడు. ఆటలోనే ఇచ్చిన సాయం, పిలిస్తే వచ్చి మన పక్కన పోరాడే ఆత్మలు, వాటిని ఎలా వాడాలని అడిగాడట. వచ్చిన జవాబు రెండే ముక్కలు: "గిట్ గుడ్". ముందు ఆడటం నేర్చుకో పో, అని దాని భావం. వెనకే ఇంకొకడు, ఆత్మల సాయంతో గెలిస్తే అది గెలుపే కాదన్నాడు. అన్నయ్య ఫోను బోర్లించి పెట్టి, పులిహోర ముట్టకుండా పడుకున్నాడు. ఇంతవరకూ నేనే చూశాను. నాలుగో రోజు ఎవరో చిన్నపిల్లవాడు మొదటి శత్రువు దగ్గరే ఇరుక్కుని అదే గుంపులో అడిగితే, అన్నయ్య కూడా ఆ రెండు ముక్కలే కొట్టాడట. ఇది చిట్టి నా చెవిలో వేసింది. దాన్ని ఏమీ అనకు.

నిన్నూ ఏమీ అనను. నేనూ ఆ పనే చేశాను గనక. బుర్ర లేకుండా ఈదడం వచ్చిన వారానికే మా పక్కింటి పిల్లవాడు బుర్ర కట్టించుకుని మెట్ల మీద వణుకుతుంటే "సొరకాయ వీరుడొచ్చాడురోయ్" అని గట్టు మీద గంతులు వేశాను. మామయ్య ఏమీ అనలేదు. వాడి వీపు మీది తాడు కొస తెచ్చి నా చేతిలో పెట్టి, అవతలి మడికి నీళ్ళు మళ్ళించి వస్తానని వెళ్ళిపోయాడు. ఆ తాడు ఎంత బరువుందో మీకు చెప్పలేను. వాడు గుటక మింగినప్పుడల్లా నా గుండె జారేది. మామయ్య చింతచెట్టు కిందే నిలబడి అంతా చూస్తున్నాడని ఆ తర్వాత పదేళ్ళకు తెలిసింది. ఆ పిల్లవాడు నాలుగు రోజుల్లో బుర్ర విప్పేసి, నాకంటే బాగా ఈదాడు. నాకు ఇప్పటికీ కొంచెం కడుపుమంటే.

పెద్దవాళ్ళు కూడా దీని మీద కొట్టుకుంటారు. 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థే సెకిరో అనే ఆట తెచ్చినప్పుడు, అందులో సులభంగా ఆడే ఏర్పాటు ఉండాలా వద్దా అని లోకమంతా వాదించుకున్నారు. అంతకు ముందు ఏడాదే వచ్చిన సెలెస్ట్ అనే కొండెక్కే ఆటలో, కావాలంటే వేగం తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు, చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. అయినా అది చాలా కష్టమైన ఆటగానే పేరు తెచ్చుకుంది. ఎంత లోతు తవ్వాలన్నది బావి తవ్వేవాడి ఇష్టం, అది నేను ఒప్పుకుంటాను. కానీ ఒకడి వీపు మీద బుర్ర ఉంటే పక్కవాడి నీళ్ళు పలచబడతాయా? ఈ వాదన మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

ఎల్డెన్ రింగ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది నేల మీది రాతలు. ఎక్కడో ఉన్న ఆటగాళ్ళు రాసిపెట్టి పోతారు, మన తెర మీద వెలుగుతూ కనిపిస్తాయి. సొంత మాటలు రాసే వీలు లేదు, ఆట ఇచ్చిన మాటల్లోంచే ఏరుకుని కూర్చాలి. తిట్లకు తావు లేదు, బాగా ఆలోచించారు. అయినా మనిషి మనిషే. లోయ అంచున "ముందుకు దూకితే మంచిది" అన్న అర్థం వచ్చేలా పెట్టేవాళ్ళున్నారు, అన్నయ్య నమ్మి దూకాడు కూడా. మా బావి దగ్గరా అంతే, కొత్తవాడు రాగానే "నడుం లోతేరా, దిగు" అనేవాళ్ళు. కానీ ఇంకొకటి చూశాను. అన్నయ్య ప్రాణం దాదాపు అయిపోయింది, ఒక్క దెబ్బ చాలు. ఉన్నట్టుండి ప్రాణం చూపే ఎర్రగీత పెరిగింది. ఏమిటని అడిగితే, తను నిన్నెప్పుడో రాసిన రాత బాగుందని ఎక్కడో ఎవరో మెచ్చుకున్నారట. మెచ్చుకుంటే రాసినవాడికి ప్రాణం పెరుగుతుంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇదంతా పెట్టిన హిదెతకా మియాజాకి ఒకసారి మంచు కురిసిన రోజు కారులో కొండ ఎక్కుతున్నాడట. చక్రాలు జారి బండి ఆగిపోయింది. వెనక బండి వచ్చి మెల్లగా తగిలి తోసింది, దాన్ని దాని వెనక బండి తోసింది. అలా ఒకరినొకరు తోసుకుంటూ పైకి చేరారు. ఆగి దండం పెడదామంటే మళ్ళీ ఇరుక్కుంటాడు, ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆఖరి బండిని ఎవరు తోశారో, వాళ్ళు చేరారో లేదో అని ఆయనకు ఆ తర్వాత చాలాసేపు అనిపించిందట. ముఖం తెలియని ఆటగాడు వచ్చి, సాయం చేసి మాయమయ్యే పద్ధతి అందులోంచి పుట్టింది. 2009లో డెమన్స్ సోల్స్ అనే ఆటలో మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఉంది. 2022లోనే ఒక ఆటగాడు, నెత్తిన కుండ, మొలకు గుడ్డ తప్ప ఒంటి మీద కవచం ముక్క లేకుండా, రెండు కత్తులతో మలేనియా వాకిట కాచుకుని ఉండేవాడు. పిలిచినవాళ్ళ తరఫున ఒక్కడే ఆమెతో పోరాడి, గెలిపించి పోయేవాడు. అలా వెయ్యిసార్లు దాటాక ఆటను అమ్మే సంస్థవాళ్ళు నిజమైన కత్తి ఒకటి కానుకగా పంపారు. నెత్తిన కుండ అనగానే నాకు బుర్ర గుర్తొచ్చిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి.

అన్నయ్యా, ఒక పని చెయ్యి. ఈ ఆదివారం మలేనియాతో తలపడకు. ఆ చుట్టుపక్కల నేల మీద ఎర్రటి మరకలుంటాయి కదా, అక్కడ చచ్చినవాళ్ళవి. ఒక్కొక్కటే తాకు, వాళ్ళ ఆఖరి క్షణాలు నీడలా ఆడతాయి. చిట్టి పక్కన కూర్చుని నోట్‌బుక్కులో గీతలు పెట్టాలి: ఎంతమంది ముందుకు పరుగెత్తి చచ్చారు, ఎంతమంది వెనక్కి, ఎంతమంది ఉన్నచోటే నిలబడిపోయారు. లెక్క నాకు ఉత్తరంలో రాయండి, ఫోనులో వద్దు.

మోటబావిలో ఈ ఏడు నీళ్ళు బాగున్నాయి, పై మెట్లు మూడే బయటికి కనిపిస్తున్నాయి. పందిరి మీద ఒక సొరకాయను కొయ్యనివ్వకుండా ముదరబెడుతున్నాను. దేనికని మీ నాయనమ్మ రోజూ అడుగుతోంది. ఎండాకాలం సెలవులకు వచ్చేముందు చిట్టి నడుము కొలత రాసి పంపండి, తాడు పేనాలి.

ఇట్లు,
మీ తాతయ్య