స్కాన్‌కు చిక్కని మోకాలి నొప్పి

రెండు కిలోమీటర్లు పరిగెత్తేసరికి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. మెట్లు దిగుతున్నా, చాలాసేపు కూర్చుని లేచినా అదే బాధ. ఎంఆర్‌ఐ తీయిస్తే మాత్రం అంతా బాగానే ఉందంటారు. నెలల తరబడి బాధపడుతున్న రన్నర్‌కు ఆ మాటతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఇది నా భ్రమేనా అనిపిస్తుంది. భ్రమ కాదు, ఆ నొప్పి నిజమైనదే.

అరిగిపోయిందేమోనని అందరూ భయపడే కార్టిలేజ్‌లో, అంటే ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొరలో, అసలు నరాలే లేవు. మరి నొప్పి ఎక్కడిది? అమెరికాలో ఎముకల సర్జన్ స్కాట్ డై దీన్ని తన మోకాళ్ల మీదే తేల్చుకున్నాడు. కీలు లోపల మత్తు లేకుండా ఆర్థ్రోస్కోపీ (సన్నటి గొట్టం లాంటి కెమెరాతో కీలు లోపల చూసే పరీక్ష) చేయించుకుని, ఒక్కో భాగాన్నీ తాకిస్తూ ఎక్కడ ఎంత నొప్పిగా ఉందో చెబుతూ పోయాడు. ఆ వివరాలు 1998లో అచ్చయ్యాయి. చిప్ప వెనక కార్టిలేజ్‌ను తాకితే నొప్పే లేదు. చిప్ప కిందుండే కొవ్వు మెత్తను, కీలు లోపలి పల్చటి పొరను తాకితే మాత్రం విపరీతమైన నొప్పి! ఇంత ధైర్యంగా చేసిన పరిశోధన గురించి రన్నర్లందరికీ తెలియాలని నా కోరిక. ఎందుకంటే ఆ మెత్తటి భాగాలు ఒత్తిడికి రేగినా స్కాన్‌లో ప్రతిసారీ తెలియదు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 దాటినవాళ్లలో, ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల లేనివాళ్లకు ఎంఆర్‌ఐ తీశారు. సుమారు 89 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. మోకాలి నొప్పి లేనివాళ్లలోనూ ఇంచుమించు అంతే. కాబట్టి రిపోర్టులో ఏదైనా కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం.

చాలాసార్లు అసలు కారణం, మోకాలు అలవాటుపడిన దానికంటే వేగంగా పని పెంచేయడం. ఒక్కసారిగా దూరం పెంచడం, వేగం పెంచడం, పల్లానికి పరిగెత్తడం లాంటివి. అలాగని పూర్తిగా మానేస్తే తొడ కండరాలు బలహీనపడి మోకాలి ఓర్పు ఇంకా తగ్గుతుంది. కెనడాలో 69 మంది రన్నర్లపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఒక బృందానికి పరుగును నొప్పికి తగ్గట్టు సర్దుకోవడం మాత్రమే నేర్పారు. మిగతా రెండు బృందాలకు దాంతోపాటు వ్యాయామాలో, అడుగు వేసే తీరు మార్చుకునే శిక్షణో ఇచ్చారు. మూడు బృందాలూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. పరిగెత్తేటప్పుడు నొప్పి పదికి రెండు దాటకూడదు, ఆపాక గంటలోపు మామూలు స్థితికి రావాలి. ఇదే వాళ్లకిచ్చిన కొలమానం. నాకైతే ఇది ఎంతో ఊరటనిచ్చే ఫలితం. ఇక నిమిషానికి వేసే అడుగులు 5 నుంచి 10 శాతం పెంచి, అడుగు పొడవు తగ్గించుకున్నా మోకాలిపై భారం తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే తుంటిని కూడా పరీక్ష చేయించాలి. తుంటి కీలులోని సమస్య మోకాలి నొప్పిగా బయటపడవచ్చు, ముఖ్యంగా ఎదిగే పిల్లల్లో. మోకాలు వాచినా, కదలకుండా పట్టేసినా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, జ్వరం తోడైనా పరుగు ఆపేసి వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.