బావ బిళ్ళ అక్కకు పనికొస్తుందా?

కావలిలో మా పక్కింటి అక్కకు 49 ఏళ్లు. నెలసరి ఆగి ఏడాది దాటింది. బావకు గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ అనే చిన్న గొట్టం వేసినప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటాడు. ఈమధ్య ఆ పట్టీలోంచే అక్క కూడా ఒకటి మింగుతోంది. "రక్తం పల్చబడితే మంచిదే గదా అమ్మాయ్, ఇక మనకూ గుండెపోటు భయమేనంట" అంది.

భయంలో తప్పులేదు. నెలసరి ఆగే దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గాక చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి. మన దేశంలో ఈ దశ సగటున 46, 47 ఏళ్లకే వచ్చేస్తుంది. చిక్కంతా బిళ్ళతోనే.

ఆస్పిరిన్ రక్తాన్ని పల్చన చెయ్యదు. చిక్కటి చేపల పులుసులో నీళ్లు పోసినట్టు కాదది. రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలుంటాయి. గాయమైన చోట ఇవి థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని వదిలి తోటివాటిని పిలుచుకుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. ఆ పదార్థం తయారవడానికి కావలసిన ఎంజైమ్‌ను ఆస్పిరిన్ మళ్లీ పనికిరాకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే వారం పదిరోజులూ పాపం మూగగానే తిరుగుతుంది. అంత చిన్న బిళ్ళ సరిపోయేది అందుకే. కానీ కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడే పదార్థాలు కూడా ఆ ఎంజైమ్ చలవే.

అమెరికాలో 22,071 మంది డాక్టర్ల మీద జరిపిన పరిశోధన 1989లో వెలువడింది. రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లకు గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. అయితే వాళ్లంతా మగవాళ్లు! ఆడవాళ్ల లెక్క 2005లో గానీ తేలలేదు. 45 ఏళ్లు, ఆపైనున్న 39,876 మందిని పదేళ్లపాటు గమనించారు. సగం మందికి రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ. మొత్తం మీద చూస్తే గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం 17 శాతం తగ్గింది. కడుపులోనో పేగుల్లోనో రక్తం పోయి, రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్లలో 91 మంది, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 127 మంది. 65 దాటినవాళ్లకు గుండెపోట్లు కూడా తగ్గాయి గానీ, 2022లో అమెరికా నిపుణుల బృందం 60 దాటాక, గుండెజబ్బు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టొద్దనే చెప్పింది.

బావ సంగతి వేరు. స్టెంట్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. అక్కకేమో నెలసరి ఆగేముందు ఎక్కువగా పోయి రక్తం తక్కువైంది, ఐరన్ బిళ్ళలు వాడుతోంది. ఐరన్‌తో విరేచనం ఎలాగూ నల్లగానే వస్తుంది. కడుపులో రక్తం పోతున్నా నల్లగానే వస్తుంది. ఇక ఆమెకు తెలిసేదెట్లా?

"బిపి ఎప్పుడు చూపించుకున్నావక్కా?" అని అడిగాను.

"మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు" అంది. చిన్నోడు ఇప్పుడు ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు.