టవర్ దూరంగా ఉంటే మంచిదా? సెల్ నెట్‌వర్క్ గురించి అపోహలు – వాస్తవాలు

పోయిన నెలలో ఒక కాలనీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. కమ్యూనిటీ హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో ఏడాదిన్నర పాపని ఒళ్ళో పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది. వాళ్ళ ఇంటికి ఎదురు వీధిలో మూడంతస్తుల బిల్డింగ్ మీద కొత్తగా టవర్ వేశారు. అందరూ ఒకేసారి అరుస్తుంటే ఆ అమ్మాయి మాత్రం నెమ్మదిగా అడిగింది. "అన్నయ్యగారూ, మా పాప పడుకునే గది కిటికీలోంచి చూస్తే ఆ టవరే కనిపిస్తుంది. రెండు నెలల నుంచి ఆ కిటికీ తెరవడం లేదు. ఇల్లు మారిపోమంటారా?"

2జీ రోజుల నుంచి నేను ఆర్‌ఎఫ్ పనిలో, అంటే సెల్ నెట్‌వర్క్ రేడియో సిగ్నళ్ళ పనిలోనే ఉన్నాను. ల్యాప్‌టాప్, టెస్ట్ ఫోన్లు పట్టుకుని కారులో వీధి వీధీ తిరిగి సిగ్నల్ కొలవడం, యాంటెన్నాల టిల్ట్ (వంపు) సరిచేయించడం నా పని. ఈ ప్రశ్న ఎన్ని ఊళ్ళలో విన్నానో లెక్కలేదు. అడిగేవాళ్ళ మీద నాకు ఎప్పుడూ కోపం రాదు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్‌ని ఎగదోసే వాట్సాప్ ఫార్వర్డ్‌ల మీదే కోపమంతా. వాటిలో ఒక్క అపోహ వల్లే జనం ఎక్కువగా నష్టపోతున్నారు. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: టవర్ ఎంత దూరంగా ఉంటే ఒంటికి అంత మంచిది.

వాస్తవం: ఫోన్ వాడే మనిషికి రేడియో తరంగాలు ఎక్కువగా తగిలేది టవర్ నుంచి కాదు, చెవికి ఆనించుకున్న ఫోన్ నుంచి. టవర్ దూరం జరిగేకొద్దీ ఆ ఫోనే ఎక్కువ శక్తితో పనిచేయాల్సి వస్తుంది.

టవర్ అనగానే అందరూ అది పంపే సిగ్నల్ గురించే ఆలోచిస్తారు. కాల్ నడవాలంటే టవర్ పంపింది ఫోన్‌కి అందితే చాలదు, ఫోన్ పంపింది కూడా టవర్‌కి అందాలి. అంటే మన చేతిలో ఉన్నదీ ఒక ట్రాన్స్‌మిటరే. పక్క గదిలో మనిషితో మామూలుగా మాట్లాడతాం, చెరువు అవతలి గట్టు మీద మనిషిని కేకేసి పిలుస్తాం. ఫోన్ కూడా అంతే. టవర్ దగ్గరుంటే శక్తి తగ్గించుకుంటుంది, దూరమైతే పెంచుకుంటుంది. దీన్నే పవర్ కంట్రోల్ అంటాం. టవర్ దగ్గరి పరికరాలే ఫోన్‌కి 'పెంచు, తగ్గించు' అని చెబుతూ ఉంటాయి. 3జీలో ఈ ఆదేశం సెకనుకి 1500 సార్లు వెళ్తుంది. పాత 2జీ ఫోన్ 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో గరిష్ఠంగా 2 వాట్ల దాకా పంపేది. 4జీ ఫోన్‌కి సాధారణంగా ఆ గరిష్ఠం 0.2 వాట్లు. మా భాషలో 23 డీబీఎం. ఈ కొలతలో సున్నా అంటే శక్తి లేదని కాదు, వాటులో వెయ్యో వంతు అని; మైనస్ అంటే అంతకంటే తక్కువ.

ఇది పుస్తకంలో చదివి చెప్పే మాట కాదు. చాలా ఏళ్ళ క్రితం గోదావరి జిల్లాల్లోని ఒక టౌన్‌లో కాలనీవాళ్ళంతా కలిసి పోరాడి టవర్ తీయించేశారు. దాని మీద మూడు కంపెనీల యాంటెన్నాలు ఉండేవి. మూడు నెలలు తిరక్కుండానే అదే కాలనీ నుంచి కంప్లయింట్లు మొదలయ్యాయి. కాల్ మధ్యలో కట్ అయిపోతోంది, ఫోన్ వేడెక్కుతోంది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది. డ్రైవ్ టెస్ట్‌కి నేనే వెళ్ళాను. ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో హాల్లో నిలబడి టెస్ట్ ఫోన్‌లో కాల్ కలిపాను. ఫోన్ ఎంత శక్తితో పంపుతోందో స్క్రీన్ మీద పక్కనే అంకె కనిపిస్తుంది. 22, 23 దగ్గరే ఆడుతోంది. అంటే ఫోన్ ఉన్న బలమంతా పెడుతోంది. అదే టెస్ట్ ఫోన్ మా ఆఫీసు పక్కన టవర్ కనిపించే చోట మైనస్ 8 చూపించేది. ఈ రెండింటికీ తేడా 30 డెసిబెల్స్. చిన్న అంకెలా అనిపిస్తుంది గానీ శక్తి లెక్కలో అది 1000 రెట్లు. అంటే ఆ కాలనీలో ప్రతివాళ్ళూ, రేడియేషన్ వద్దని పోరాడినవాళ్ళే, అంతకు ముందు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపే ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుంటున్నారు.

మాస్టారి భార్యకి ఒక రాత్రి ఆయాసం వస్తే 108 కలవడానికి ఆయన డాబా మీదికి పరుగెత్తాల్సి వచ్చిందట. ఆ మాట చెబుతూ ఆయన నా మొహం చూడలేకపోయారు, ఎందుకంటే టవర్ తీయమన్న అర్జీలో మొదటి సంతకం ఆయనదే. ఆయన తప్పేమీ లేదు. ఆయనకి సగం సంగతే చెప్పారు, మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

మరి టవర్ నుంచి వచ్చేది? అదీ చూద్దాం. టవర్ మీద కనిపించే పొడవాటి తెల్లని పెట్టెలే సెక్టార్ యాంటెన్నాలు. మామూలుగా మూడు దిక్కులకి మూడు ఉంటాయి. అవి బల్బులా చుట్టూ వెలుగు పరచవు, టార్చిలైటులా ముందుకి సన్నగా కొడతాయి. నిలువునా ఆ కిరణం వెడల్పు ఏడెనిమిది డిగ్రీలకి మించదు. టిల్ట్ కొద్దిగా కిందికి ఉంటుంది కాబట్టి అది నేలని తాకేసరికి నూట యాభై, రెండు వందల మీటర్ల దూరం వెళ్ళిపోతుంది. అప్పటికి చాలా పలచబడుతుంది. టవర్ కిందే ఉన్న ఇంటికి అందేది అందుకే తక్కువ. జాగ్రత్తగా చూడాల్సిందల్లా యాంటెన్నాకి సూటిగా ఎదురుగా, అదే ఎత్తులో, దగ్గర్లో పై అంతస్తు ఉన్నప్పుడు. నిబంధనల్లో దానికి ఎడం రాసి ఉంది, 20 మీటర్ల నుంచి మొదలై యాంటెన్నాల సంఖ్యని బట్టి పెరుగుతుంది. మీ ఇల్లు అలాంటిదైతే అడగండి, గట్టిగా అడగండి. అది మీ హక్కు.

పరిమితి కూడా మన దగ్గర కఠినంగానే ఉంది. 900 మెగాహెర్ట్జ్‌కి అంతర్జాతీయ మార్గదర్శకం చదరపు మీటరుకి 4.5 వాట్లు అయితే, మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి అందులో పదో వంతు, 0.45 వాట్లు మాత్రమే. నమ్మకం కుదరకపోతే టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4000 రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే శాఖవాళ్ళే వచ్చి మీటర్ పెట్టి కొలుస్తారు. కాలనీ మొత్తం పంచుకుంటే మనిషికి వంద కూడా పడదు. ధర్నా టెంటుకి అయ్యే అద్దె కంటే తక్కువ.

"క్యాన్సర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది కదా" అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలని 2బీ వర్గంలో పెట్టింది. అంటే 'కావచ్చేమో, ఆధారాలు పరిమితం' అని. కలబంద ఆకు మొత్తం నుంచి తీసే సారం, కొన్ని ఆసియా దేశాల్లో సంప్రదాయంగా ఊరబెట్టే కూరగాయలు కూడా ఆ వర్గంలోనే ఉన్నాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయించిన సమీక్ష 2024లో వచ్చింది. 63 అధ్యయనాలు చూసి, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదని తేల్చారు. ఈ రెండోది ఫార్వర్డ్‌ల్లో ఎక్కడా కనిపించదు.

అపోహ: ఊరి బయట ఒకే పెద్ద టవర్ పెట్టి పవర్ పెంచితే సరిపోతుంది, ఇళ్ళ మధ్య ఇన్ని ఎందుకు?

పెద్దమనుషులు సైతం అడిగే మాట ఇది. టవర్ పవర్ ఎంత పెంచినా ఫోన్ పవర్ పెరగదు కదా! టవర్ మాట మీకు వినిపిస్తుంది, మీ జవాబు దానికి చేరదు. ఫోన్‌లో గీతలు నిండుగా ఉండి కాల్ కలవకపోవడానికి ఒక కారణం ఇదే. కాకినాడ వైపు వేటకి వెళ్ళే మత్స్యకారులు చాలామందికి ఇది అనుభవమే. మామూలు 2జీ టవర్‌కి మరో హద్దు కూడా ఉంది. సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే సమయాన్ని అది 35 కిలోమీటర్ల వరకే సర్దుకోగలదు. ఆపైన సిగ్నల్ కనిపించినా కాల్ పోదు.

రెండో కారణం రద్దీ. ఒక కంపెనీకి వేలంలో దక్కిన స్పెక్ట్రమ్, అంటే వాడుకోదగ్గ ఫ్రీక్వెన్సీలు, కొంచెమే. 2జీలో ఒక క్యారియర్‌కి, అంటే ఒక ఫ్రీక్వెన్సీకి, 8 టైమ్‌స్లాట్లు, అంటే వంతులవారీగా ఎనిమిది కాల్స్‌కి చోటు. ఒక సెక్టార్‌లో రెండు క్యారియర్లు ఉంటే, సిగ్నలింగ్‌కి (కాల్స్ కలిపే సమాచారానికి) పోను ఒకేసారి పధ్నాలుగు పదిహేను కాల్స్ నడుస్తాయి, అంతే. ఊరంతటికీ అది చాలుతుందా? అందుకే ఊరిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక ముక్కలో వాడిన ఫ్రీక్వెన్సీనే కాస్త దూరంలో ఇంకో ముక్కలో మళ్ళీ వాడతారు. ఆ ముక్క పేరే సెల్. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లకి వచ్చిన ఆలోచన ఇది. సెల్ ఫోన్ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. సెల్ చిన్నదైతే టవర్ తక్కువ పవర్‌తో నడుస్తుంది, ఫోన్ కూడా తక్కువతోనే నడుస్తుంది. మేడారం జాతరకి తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెట్టేది కూడా సిగ్నల్ లేక కాదు, ఉన్న సెల్స్ అంతమందిని మోయలేక.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

కాల్ శాటిలైట్ నుంచి రాదు. మీ ఫోన్ నుంచి దగ్గరి టవర్‌కి గాల్లో వెళ్తుంది, అక్కడి నుంచి భూమిలో వేసిన ఫైబర్ మీదో, టవర్ మీద గుండ్రని డ్రమ్‌లా కనిపించే మైక్రోవేవ్ లింక్ మీదో కంపెనీ ప్రధాన వ్యవస్థకి, అంటే కోర్ నెట్‌వర్క్‌కి పోతుంది. అందుకే రోడ్డు పనిలో జేసీబీ ఒక్క గోతి తవ్వితే నాలుగు ఊళ్ళకి సిగ్నల్ పోతుంది. ఆ డ్రమ్ చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు. దాని కిరణం సూటిగా పక్క టవర్‌కే వెళ్తుంది.

మీ ఫోన్ నంబర్ సిమ్‌కి అతుక్కుని ఉండదు. సిమ్‌లో నెట్‌వర్క్ గుర్తుపట్టేది మన దేశంలో 404తోనో 405తోనో మొదలయ్యే వేరే 15 అంకెల సంఖ్య. ఆ సంఖ్యకి ఏ నంబర్ అన్నది కంపెనీ డేటాబేస్‌లో ఉంటుంది. సిమ్ పోయినా అదే నంబర్‌తో కొత్త సిమ్ ఇవ్వగలిగేది అందుకే.

5జీ వల్ల కరోనా వచ్చిందన్న ఆడియో 2021లో మా టెక్నీషియన్ల మీద జనాన్ని ఉసిగొల్పింది. ఆ మే నెలలో టెలికాం శాఖే చెప్పింది, అప్పటికి దేశంలో 5జీ టెస్టింగ్ కూడా మొదలు కాలేదని. సర్వీసు మొదలైంది 2022 అక్టోబర్ 1న.

ఒంటికి కాదు గానీ ఇంటిని ముంచేది ఇంకొకటి ఉంది. "మీ పొలంలో టవర్ పెడతాం, నెలకి పాతికవేలు అద్దె, ముందు ఎన్‌ఓసీ ఫీజు కట్టండి" అనే మెసేజ్. మా సైట్ దగ్గరికి ఒక రైతు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో ఉన్న జెరాక్స్ లెటర్ మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. అప్పటికే మూడు విడతలుగా కట్టేశాడు. ఆ కాగితం నిజమేనా అని అడగడానికి వచ్చాడు. ట్రాయ్ టవర్లకి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, ఇవ్వదు. టవర్ పెట్టేవాళ్ళు స్థలం యజమానికి అద్దె ఇస్తారు, ఆయన దగ్గర ఫీజు, ట్యాక్స్ అని ఒక్క రూపాయి తీసుకోరు. టవర్ ఎక్కడ కావాలో తేల్చేది మాలాంటివాళ్ళు కొలిచిన కవరేజ్ మ్యాప్, మెసేజ్‌కి ముందుగా జవాబిచ్చినవాళ్ళు కాదు. ఎవరైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆ రోజు మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళది కింది అంతస్తు. యాంటెన్నాలు వాళ్ళ పైకప్పు కంటే బాగా ఎత్తులో ఉన్నాయి, వాటి ముఖం వీధి చివరికి ఉంది. కిటికీ దగ్గర టెస్ట్ ఫోన్‌లో కాల్ చేసి అంకె చూపించాను. మైనస్ 6. అదే ఫోన్ 23 చూపిస్తే ఏమిటో కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి రాత్రి ఫోన్ దిండు పక్కన పెట్టుకోవచ్చా?" అంది.

కాల్ లేనప్పుడు ఫోన్ ఎక్కువగా వింటూ ఉంటుంది. ఏ ఏరియాలో ఉందో నెట్‌వర్క్‌కి చెప్పడానికి అప్పుడప్పుడు, యాప్‌లు డేటా అడిగినప్పుడు కాసేపు మాత్రమే పంపుతుంది. అయినా దిండు పక్కన ఎందుకమ్మా, మూరెడు దూరంలో బల్ల మీద పెట్టుకోండి, ఆ కాస్త దూరానికే చాలా తగ్గిపోతుంది, ఛార్జింగ్ పెట్టి దిండు కింద మాత్రం ఎప్పుడూ ఉంచకండి అన్నాను. ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తే ఇయర్‌ఫోన్ వాడమన్నాను.

సాయంత్రం వాళ్ళాయన ఫోన్ చేసి, తరంగ్ సంచార్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలో అడిగాడు. దగ్గరుండి పెట్టించాను. శాఖవాళ్ళు కొలవడానికి వచ్చే రోజు నన్ను కూడా రమ్మన్నారు. వెళ్తున్నాను.