జంతు హక్కుల పోస్టరు మీద స్త్రీ శరీరం: ఈ తగువు ఎక్కడ మొదలైంది?

విజయవాడ బెంజి సర్కిల్లోనో, గుంటూరు లాడ్జి సెంటర్లోనో జంతు హింస గురించి ఒక హోర్డింగు పెట్టాలనుకునేవాళ్లకు చుట్టూ ఉన్న హోర్డింగులే మొదటి అడ్డంకి. నగలు, పట్టుచీరలు, కాలేజీ ర్యాంకులు, సినిమాలు. వాటి మధ్య కోడి గురించో కుక్క గురించో చెబితే ఎవరు తలెత్తి చూస్తారు? 1980లో అమెరికాలో పుట్టిన జంతు హక్కుల సంస్థ పెటా ఈ ప్రశ్నకు 1990ల తొలినాళ్లలో ఒక జవాబు ఎంచుకుంది. బొచ్చు కోటు తొడుక్కోవడం కన్నా నగ్నంగా తిరగడమే మేలంటూ పేరున్న మోడళ్లను బట్టలు లేకుండా ఫొటోలు తీయించింది. పాలకూరలాంటి ఆకులతో కుట్టిన బికినీలు ఆ తర్వాత వచ్చాయి. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ కోసం తీసిన ప్రకటనను ఎన్‌బీసీ చానల్ తిప్పికొట్టింది. ఆ తిరస్కారమే వార్త అయింది. డబ్బు పెట్టకుండా ప్రచారం దొరకడం ఈ పద్ధతికి అసలు ఇంధనం.

స్త్రీవాదుల అభ్యంతరం అంతకన్నా ముందే తయారై ఉంది. జంతువుల ఉద్యమాన్ని మొదటి నుంచీ మోసింది ఎక్కువగా ఆడవాళ్లే. బతికున్న జంతువులను కోసి చేసే ప్రయోగాలకు వ్యతిరేకంగా 1875లో లండన్‌లో సంఘం పెట్టిన ఫ్రాన్సెస్ పవర్ కాబ్, స్త్రీల హక్కుల కోసమూ పోరాడింది. మన దేశంలో రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టానికి దారి వేసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆమే. ఇంత చరిత్ర ఉన్న ఉద్యమంలో స్త్రీకి చివరికి పోస్టరు మీద బొమ్మగా చోటు దక్కడం చాలామందికి మింగుడుపడలేదు.

వాదానికి గట్టి పునాది వేసింది అమెరికన్ స్త్రీవాద రచయిత్రి కెరోల్ జె. ఆడమ్స్. 1990లో వచ్చిన ‘ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’లో ఆమె చెప్పింది ఇదీ: మాంసం కంచంలోకి వచ్చేసరికి ప్రాణి కనపడకుండా పోతుంది, ముక్కలే మిగులుతాయి. ప్రకటనల్లో స్త్రీనీ అలాగే తొడలుగా, రొమ్ములుగా విడదీస్తారు. రెంటి వెనకా ఉన్నది ఒకే చూపు. 2010లో నటి పామెలా ఆండర్సన్ ఒంటి మీద కసాయి కొట్టులో పటంలా గీతలు గీసి, ఏ భాగం ఏదో రాసిన పెటా పోస్టరు ఈ వాదానికి దాదాపు సాక్ష్యం లాంటిది. జంతువుకూ మనకూ అవే అవయవాలని చెప్పడం పెటా ఉద్దేశం. ఆ పోస్టరు ఆవిష్కరణకు మాంట్రియల్ నగరం అనుమతి ఇవ్వలేదు.

ఇష్టపడి ఫొటో దిగిన స్త్రీని తప్పుపట్టడానికి మీరెవరని అడిగే స్త్రీవాదులూ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. 2004 జులైలో ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ముందు 12 మంది మణిపురి తల్లులు బట్టలు విప్పి సైన్యాన్ని నిలదీశారు. అక్కడ శరీరం అధికారానికి ఎదురు నిలిచింది. పోస్టరులో అదే శరీరం చూసేవాడి సరదాకు లొంగి ఉంటుంది. కాబట్టి తగువు బట్టల గురించి కాదు. 1974లో హైదరాబాద్‌లో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం అశ్లీల పోస్టర్ల మీద పోరాడినప్పుడూ అడిగింది స్త్రీ గౌరవం గురించే. సినిమా పంపిణీకి కేంద్రమైన గాంధీనగర్ ఉన్న విజయవాడలో ఈ తేడా తెలుసుకోవడం మరీ అవసరం.

పోనీ, ఈ పద్ధతి పనిచేస్తుందా? 2013లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన దీన్నే పరీక్షించింది. మొదట 82 మంది మగ విద్యార్థులకు, తర్వాత ఆడా మగా కలిసిన 280 మందికి పెటా బొమ్మలు చూపారు. లైంగికంగా రెచ్చగొట్టే బొమ్మలు చూసినవాళ్లలో ఉద్యమానికి మద్దతిస్తామనే ఉద్దేశం తగ్గింది. వాళ్లు బొమ్మలోని స్త్రీని పూర్తి మనిషిగా చూడటం మానేశారు, మద్దతు తగ్గడానికి కారణం అదేనని తేలింది. ఒకరిని మనిషి కింద లెక్కకట్టని మనసు కోడి మీద జాలి ఎలా పడుతుంది? 2020లో పెటా ఆ బొచ్చు కోటు ప్రచారాన్ని ముగించింది. బొచ్చు వాడకం పడిపోయింది, ఇక అవసరం లేదని చెప్పింది తప్ప విమర్శను ఒప్పుకోలేదు.

ఇక్కడ అలాంటి హోర్డింగు కనిపిస్తే ఆధారం 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం. మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. చిక్కంతా దాని నిర్వచనంలో ఉంది: అసభ్యత, కించపరచడం, ప్రజల నీతికి హాని, మూడూ ఒకే వాక్యంలో కలిపేశారు. ఫిర్యాదులో ‘అసభ్యం’ అని మాత్రమే రాస్తే వ్యవహారం ఎంత ఒళ్లు కనపడిందనే కొలత దగ్గర ఆగిపోతుంది, రేపు అదే వాదనతో ఇంకొకరు ఆడపిల్లల దుస్తుల మీద పడతారు. ఏ గీత, ఏ మాట, ఏ భంగిమ స్త్రీని వస్తువుగా చూపుతోందో విడివిడిగా రాయాలి. హోర్డింగు మొత్తం కనపడే ఫొటో, తేదీ, కూడలి పేరు, చట్రం మీద ఉండే ఏజెన్సీ పేరు జతచేయాలి. ప్రకటనల రంగమే నడుపుకునే ప్రకటనల ప్రమాణాల మండలికి (ఏఎస్‌సీఐ) పంపేటప్పుడూ ఇవే కావాలి. అది ప్రకటనను మార్చమని, తీసేయమని చెబుతుంది, శిక్ష వేసే అధికారం దానికి లేదు.

మరో సంగతి. మన దగ్గర మాంసం మానమనే పిలుపు వెంట కులం కూడా వస్తుంది. దానికి స్త్రీ శరీరం కూడా తోడైతే దళిత స్త్రీలు రెండు వైపులా దెబ్బ తింటారు. పోస్టరు వేసేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

అచ్చుకు పంపే ముందు బొమ్మలోని మనిషిని కాగితంతో మూసి చూడాలి. మిగిలిన మాటలు జంతువు గురించి ఏమీ చెప్పకపోతే ఆ పోస్టరు అమ్ముతున్నది వేరే సరుకు. సంక్రాంతి కోడిపందేలనే తీసుకోండి. కాలికి కత్తి కట్టి కోళ్లను పోరుకు దింపడం 1960 చట్టం సెక్షన్ 11 కింద నేరం. మొదటిసారి దొరికితే ఆ సెక్షన్ వేసే జరిమానా 10 రూపాయలకు తగ్గదు, 50కి మించదు. లక్షల్లో పందెం కాసే బరి పక్కన ఈ అంకె ఒక్కటి పెద్ద అక్షరాల్లో పెడితే జనం ఆగి చదువుతారు.