"మార్చి దాకా టైముందిరా" అన్న మాట ఎక్కడిది?

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు ముంచుకొచ్చే జులై ఆఖరి వారంలో బెంగళూరు మారతహళ్లి పీజీల్లో రాత్రి భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న: "రిటర్న్ వేశావా?" వేయని కుర్రాళ్లకు ధైర్యం చెప్పే అన్న ఒకడు ఎప్పుడూ ఉంటాడు. "కంపెనీ జీతంలోంచే పన్ను (టీడీఎస్) కోసేసిందిగా, మార్చి దాకా టైముందిరా." 2005 ప్రాంతంలో బెంగళూరు బస్సెక్కిన వాళ్ల మాట ఇది. అబద్ధమేమీ కాదు, వాళ్లు ఉద్యోగంలో చేరేనాటికి అదే నిజం.

1961 ఆదాయపు పన్ను చట్టం మొదట్లో ఆలస్యాన్ని తప్పుగానే చూసింది. 271వ సెక్షన్ కింద నెలకు పన్నులో 2 శాతం చొప్పున జరిమానా పడేది. కానీ వేసే ముందు అధికారి నోటీసు ఇవ్వాలి, మనం చెప్పేది వినాలి. సహేతుకమైన కారణం ఉంటే జరిమానా ఉండదు. వడ్డీ కూడా ఉండేది గానీ, దాన్ని తగ్గించడమో మాఫీ చేయడమో ఆయన చేతిలో పని. అందులో పక్షపాతానికీ, పైరవీకీ చోటు లేకపోలేదు. అయినా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

1989 ఏప్రిల్ 1 నుంచి ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడు. 234ఎ, 234బి, 234సి సెక్షన్లు వచ్చాయి. రిటర్న్ ఆలస్యానికి ఒక వడ్డీ, ముందస్తు పన్ను తగ్గితే ఇంకో రెండు. మొదట 234ఎ, 234బిలకు నెలకు 2 శాతం ఉన్న రేటు తగ్గుతూ వచ్చి, 2003 సెప్టెంబరు 8 నుంచి 1 శాతం దగ్గర ఆగింది. ఈ వడ్డీ తప్పనిసరి అని 2001లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయితే 2008లో ప్రణయ్ రాయ్ కేసులో ఇదే కోర్టు ఒక ఊరట ఇచ్చింది: పన్ను గడువులోగానే కట్టేసి ఉంటే, రిటర్న్ ఆలస్యమైందని 234ఎ వడ్డీ వేయకూడదు.

జీతగాళ్లకు అప్పట్లో మిగిలిన భయం 271ఎఫ్ ఒక్కటే. అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిసే మార్చి 31 దాటినా రిటర్న్ వేయకపోతేనే జరిమానా, చివరికి అది 5,000 రూపాయలైంది. అక్కడా కారణం చెప్పుకునే వీలుంది. పన్నంతా టీడీఎస్‌లో పోయినవాడు జులైలో వేసినా ఫిబ్రవరిలో వేసినా పైసా తేడా లేదు. అన్న ధైర్యం పుట్టింది ఇక్కడే.

దానికి గండి కొట్టింది 2017 ఆర్థిక చట్టం తెచ్చిన 234ఎఫ్. 2018-19 అసెస్‌మెంట్ ఏడాది నుంచి గడువు దాటి డిసెంబరులోగా వేస్తే 5,000, ఆ తర్వాత వేస్తే 10,000. మొత్తం ఆదాయం 5 లక్షలు దాటనివాళ్లకు వెయ్యి. ఇక్కడ పేరు మారడమే అసలు సంగతి. దీన్ని జరిమానా అనలేదు, 'ఫీజు' అన్నారు. ఫీజుకు నోటీసు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, పోర్టల్ తనే లెక్కలో కలిపేస్తుంది. దీన్ని సవాలు చేసిన పిటిషన్‌ను మద్రాసు హైకోర్టు 2020లో కొట్టేసింది. నాకైతే ఈ పేరు చాకచక్యంగానే కనిపిస్తుంది గానీ న్యాయంగా కనిపించదు. 6 లక్షల ఆదాయానికీ 6 కోట్లకూ అదే 5,000. 2021లో ఆలస్యపు రిటర్న్ గడువునే డిసెంబరు 31కి కుదించడంతో 10,000 మెట్టు పోయింది, దాంతోపాటే మార్చీ పోయింది.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్ల సంగతి వేరు. పాత జీతం వివరాలు కొత్త యజమానికి ఇవ్వకపోతే ఇద్దరు యజమానులూ ఎవరికి వారు స్టాండర్డ్ డిడక్షన్ అనే తగ్గింపునూ, తక్కువ పన్ను పడే కింది శ్లాబులనూ వర్తింపజేసి టీడీఎస్ కోస్తారు. కంపెనీలు ఇచ్చే టీడీఎస్ పత్రాలు, అంటే రెండు ఫారం 16లు, పక్కపక్కన పెట్టినప్పుడు 40,000 బాకీ బయటపడుతుంది అనుకుందాం. జులై 31 గడువున్న రిటర్న్‌ను నవంబరు 3న వేస్తే నెలలో మూడు రోజులైనా పూర్తి నెలే కాబట్టి 234ఎ కింద నాలుగు నెలలకు 1,600, ఏప్రిల్ నుంచి లెక్కించే 234బి కింద ఎనిమిది నెలలకు 3,200, ఫీజు 5,000. మొత్తం 9,800, దానిమీద 234సి వేరే.

చట్టంలో జరిమానా అని ఎక్కడా రాయని దెబ్బ ఇంకొకటుంది. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్. జీతగాడు పాత విధానం కావాలంటే గడువులోపే ఎంచుకోవాలి. తేదీ దాటితే బెళ్లందూరులో ఏడాదంతా కట్టిన అద్దె మీద పాత విధానంలోనే దొరికే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పోయినట్టే. 1962 నిబంధనల్లో బెంగళూరుకు ఆ మినహాయింపు పరిమితి చెన్నైలా జీతంలో 50 శాతం కాదు, 40 శాతమే. ఆ తగ్గిందీ దక్కదు.

కారణం చెప్పుకునే తలుపు ఒకటి మిగిలింది: 1961 చట్టం 119(2)(బి) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు. రీఫండు కోసమైతే 5 ఏళ్లలోపు పెట్టుకోవాలి. చిన్న మొత్తాలకు ఎవరూ అంత దూరం వెళ్లరు.

మా పీజీ అన్న ఆ మధ్య ఒక ఏడాది అక్టోబరులో వేశాడు. ఊళ్లో చెల్లెలి పెళ్లి పనుల్లో జులై గడిచిపోయింది. 3,200 రీఫండు రావాల్సినవాడు ఫీజు పోను ఎదురు 1,800 కట్టాడు. దేశమంతటి రిటర్నులనూ ప్రాసెస్ చేసే సీపీసీ ఈ ఊళ్లోనే ఉంది. పెళ్లి సంగతి రాయడానికి ఫారంలో గడి ఎక్కడుందో చూడమని నాకే ల్యాప్‌టాప్ ఇచ్చాడు.